అక్క రాసిన ఒక్క సెకను

నాకు ఆగడం చేతకాదు. లిఫ్టు రావడం ఆలస్యమైతే ఆరో అంతస్తుకి మెట్లెక్కి పోతాను. నేను రొప్పుతూ పైకి చేరేసరికి లిఫ్టులో వచ్చినవాళ్ళు తాపీగా కుర్చీల్లో కూర్చుని ఉంటారు. అయినా బుద్ధి రాదు. చిన్నప్పుడు ఒంగోల్లో మా అమ్మ నన్ను కాలుగాలిన పిల్లి అనేది. ఈ తొందర వల్ల ఒక మనిషి ఉద్యోగం పోయిందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది కూడా పూర్తిగా నిజం కాదు. తొందర వల్ల పాడైంది ఒక్క ఉదయం మాత్రమే. ఉద్యోగం పోయింది నేను నోరు విప్పకపోవడం వల్ల. ఈ రెండూ వేరని ఒప్పుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

చెన్నై షోళింగనల్లూరులో మా ఆఫీసు. మేం చేసే పని చెప్పడం తేలికే. షేర్ మార్కెట్లో ప్రతి షేరుకీ ఒక పొట్టి పేరుంటుంది, దాన్ని సింబల్ అంటారు. ఏ సింబల్ ధర ఎంతుందో క్షణక్షణం అందించే కంపెనీ ఒకటి వేరే ఉంది. అలా వచ్చే ధరలనే ఫీడు అంటాం. పొద్దున్నే మా ప్రోగ్రాం ఆ ఫీడుని పలకరించి, ఫలానా సింబల్స్ ధరలు మాకు పంపుతూ ఉండండి అని అడగాలి. ఒకసారి అడిగితే చాలు, సాయంత్రం దాకా వస్తూనే ఉంటాయి. వాటిని చిన్న చిన్న బ్రోకర్ల ఆఫీసుల్లో తెరల మీద చూపిస్తాం. మార్కెట్ తొమ్మిదింపావుకి తెరుస్తారు. అప్పటికి తెర మీద అంకెలు కదలకపోతే మా ఫోన్లు ఊరుకోవు.

మాకు కావలసినవి రెండు వేల సింబల్స్. అన్నీ ఒకేసారి అడగడం కుదరదు, ఒక్కో విడతకి యాభై చొప్పున అడగాలి. అంటే నలభై విడతలు. ఆ అడిగే ప్రోగ్రాంని కొత్తగా రాయాల్సి వచ్చినప్పుడు దాన్ని అక్కకి అప్పగించారు.

అక్క అంటే సొంత అక్క కాదు. మా టీములో కొత్తగా చేరినావిడ, నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. మంచాన పడ్డ తల్లిని చూసుకోవడానికి ఉద్యోగం మానేసి, పదకొండేళ్ళు ఇంట్లో ఉండి, ఆ తల్లి పోయాక నలభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ ఆఫీసు మెట్లెక్కింది. వ్యాసర్పాడిలో లోకల్ రైలెక్కి సెంట్రల్లో దిగి, రోడ్డు దాటి ఇంకో రైలు పట్టుకుని, తిరువాన్మియూరులో బస్సెక్కి వచ్చేది. అయినా టీములో అందరికంటే ముందు ఆమె కుర్చీలోనే మనిషి కనిపించేది. మొదటివారం నేను ఆమెని తమిళావిడ అనుకుని వచ్చీరాని తమిళంలో ఏదో అడిగాను. ఆమె నవ్వి, "తెలుగే తమ్ముడూ, ఈడ కూచో" అంది. ఎన్నో తరాల కింద వచ్చి చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబం వాళ్ళది. ఆ రోజు నుంచి నేను ఆమెకి తమ్ముణ్ణి, ఆమె నాకు అక్క. ఆఫీసు లెక్కలో మాత్రం నేను ఆమెకి పై అధికారిని.

మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళ మెడలో బ్యాడ్జీకి పసుపుపచ్చ తాడు ఉంటుంది. ఆరు నెలలయ్యాక పని నచ్చితే పర్మనెంటు చేసి నీలం తాడు ఇస్తారు. నచ్చకపోతే పంపించేస్తారు. అక్క ఆ నీలం తాడు గురించి అప్పుడప్పుడు అనేది. "ఇది పోతే ఇంకొకరు నన్ను పిలవరు తమ్ముడూ. ఈ వయసుకి ఎవురు పిలుస్తారు చెప్పు?" నవ్వుతూనే అనేది కానీ, అది నవ్వులాట మాట కాదని నాకు తెలుసు.

ఫీడు కంపెనీ తమ నియమాలన్నీ ఒక పెద్ద డాక్యుమెంటుగా ఇస్తుంది. దాన్ని ఎవరూ చదవరు. నేనూ చదవలేదు. అక్క ఆఫీసు ప్రింటరులో అంతా ప్రింటు తీసి, పెన్సిలు పట్టుకుని, పరీక్షకి చదివినట్టు మూడు రోజులు చదివింది. చదివి ప్రోగ్రాం రాసింది. అందులో ఒక లైను ఉంది. యాభై సింబల్స్ అడిగాక ఒక సెకను ఆగు, ఆగి తర్వాతి యాభై అడుగు. అదీ ఆ లైను చేసే పని.

ఎవరు ఏం రాసినా ఇంకొకరు చూసి సరే అన్నాకే వాడకంలోకి పోవాలి. దాన్ని రివ్యూ అంటాం. అక్క రాసింది చూడాల్సినవాణ్ణి నేను. ఆ లైను దగ్గర నాకు చిర్రెత్తుకొచ్చింది. నలభై విడతలకి నలభై సెకన్లు! మధ్యాహ్నం ఏ కారణం చేతనో ఫీడు తెగితే, మళ్ళీ అన్నీ అడిగేదాకా బ్రోకర్లు నలభై సెకన్లు ఖాళీ తెర చూస్తూ కూర్చోవాలా?

రివ్యూలో అభ్యంతరాలన్నీ ఆ లైను పక్కనే రాయాలి. అలా రాసింది టీము అంతా చూస్తుంది, ఎప్పటికీ చెరగదు. మా తెలుగువాళ్ళ మధ్య మాత్రం ఒక అలవాటు ఉంది. పెద్దవాళ్ళ తప్పుని రాతలో పెట్టం. పదిమంది చూస్తే చిన్నబుచ్చుకుంటారని, వాళ్ళ కుర్చీ దగ్గరికి పోయి నోటిమాటగా చెప్తాం. దాన్ని మర్యాద అనుకుంటాం. నేనూ అలాగే టీ కప్పు పట్టుకుని అక్క దగ్గరికి పోయాను.

"ఏంటక్కా, మీ ప్రోగ్రాం మధ్యమధ్యలో కునుకు తీస్తోంది?" అన్నాను.

"కునుకు కాదు తమ్ముడూ. గబగబా అడిగితే వాళ్ళు తలుపేస్తారంట. కాగితంలో ఉండాది."

"అలాంటివన్నీ ఊరికే రాస్తారక్కా. మన టెస్టులో తీసేసి చూశాను, మూడు సెకన్లలో అన్నీ వచ్చేశాయి. తీసేయండి."

"ఒక నిమిషం ముందే మొదలుబెట్టుకోవచ్చు గదా. ఏమి తొందర?"

"మధ్యలో తెగితే?"

ఆమె ఆ ప్రింటు కాగితాల కట్ట తీసి నా చేతిలో పెట్టింది. "ఒకతూరి చదివి చూడు. చూసినాక గూడా తీయమంటే తీసేస్తా."

ఆ కట్ట తెచ్చి నా సొరుగులో పడేశాను. సాయంత్రం ఆమె అడిగితే, "చూశానక్కా, తీసేయండి" అన్నాను. చూడలేదు. ఆమె తీసేసింది. ఏ మార్పు చేసినా కారణం ఒక ముక్క రాయాలి కదా, అక్కడ ఆమె ఇంగ్లీషులో, సలహా మేరకు ఆగడం తీసివేయబడింది అని రాసింది. ఎవరి సలహానో రాయలేదు. ఆమెకి చెప్పింది నేను రాతలో పెట్టలేదు కనుక, ఆమె కూడా నా పేరు రాతలో పెట్టలేదు.

మేం టెస్టుకి వాడేది ఉత్తుత్తి ఫీడు. ఎంత వేగంగా అడిగినా ఇచ్చేస్తుంది. అసలు ఫీడు అలాంటిది కాదని ఆ తర్వాతి సోమవారం తెలిసింది. తొమ్మిదికి మా కొత్త ప్రోగ్రాం మొదలైంది. ఐదు విడతలు అడగనిచ్చి ఫీడు తలుపేసింది. తలుపేస్తే మళ్ళీ కొట్టమని ప్రోగ్రాంలో ఉంది, అది మళ్ళీ కొట్టింది. ఆపకుండా కొట్టింది. దాంతో ఫీడు కంపెనీ మా ఆఫీసునే బయట నిలబెట్టేసింది. తొమ్మిదింపావుకి మార్కెట్ తెరిచారు, ఒక్క బ్రోకరు తెర మీద కూడా అంకె కదల్లేదు. మా మేనేజరు ఫీడు కంపెనీకి ఫోను చేసి, బతిమాలి, మళ్ళీ తలుపు తీయించేసరికి పదిన్నర అయింది.

పదకొండున్నరకి అద్దాల గదిలో మీటింగు. మేనేజరు, నేను, అక్క, ఫోన్లు ఎత్తి తిట్లు తిన్న ఇద్దరు. మేనేజరు గోడ మీద పెద్ద తెరలో ప్రోగ్రాం చరిత్ర తెరిచాడు. ఒక లైను ఎవరు రాశారో, ఎవరు తీశారో అందులో అంతా ఉంటుంది. ఆగే లైను రాసింది అక్క. దాన్ని తీసింది అక్క. పక్కన ఆమె రాసిన కారణం. ఆయన దాన్ని పైకి చదివి, "ఎవరి సలహా?" అని ఇంగ్లీషులో అడిగాడు.

అక్క నా వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న బల్ల మీదకి చూస్తూ కూర్చుంది. నాదే అని ఒక్క మాట అంటే సరిపోయేది. నా నీలం తాడు ఎవరూ తెంపేవాళ్ళు కాదు. మహా అయితే మేనేజరు కొంచెం చీదరించుకునేవాడు, ఆ ఏడాది మెప్పు ఒకటి తగ్గేది. అంతమాత్రానికే నా నోరు పెగల్లేదు.

మాట్లాడలేదంటే అది కూడా అబద్ధమే. మాట్లాడాను. లేచి బోర్డు దగ్గరికి పోయి, "అసలు సమస్య ఆగకపోవడం కాదు సార్, తలుపేశాక మళ్ళీ మళ్ళీ కొట్టడం" అని మొదలుపెట్టి పది నిమిషాలు గీతలు గీసి చెప్పాను. చెప్పిందంతా సరైనదే. మేనేజరు తలూపాడు, బాగా విడమరిచావన్నాడు. ఆయన అడిగిన ప్రశ్న ఎటో కొట్టుకుపోయింది. మీటింగు ముగిశాక అందరూ అక్క పొరపాటు అనే మాటతోనే బయటికి నడిచారు.

ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆమె రోజూలాగే తన డబ్బాలో ఊరగాయ ఒక చెంచా తీసి నా అన్నం పక్కన వేసింది. నేను తలెత్తకుండా తిన్నాను.

ఆ సాయంత్రమే ఆగే లైనుని మళ్ళీ పెట్టాను. ఈసారి నేనే పెట్టాను కాబట్టి దాని పక్కన నా పేరు పడింది. వెంటనే సరిచేశానని మేనేజరు నాకు అందరి ముందూ మెయిల్లో థాంక్స్ చెప్పాడు.

ఇంకో మూడు వారాలకి అక్కకి ఆరు నెలలు నిండాయి. ఆమె పనితీరు మీద ఫారం నింపాల్సింది నేనే. జాగ్రత్త అనే గడి దగ్గర చాలాసేపు కూర్చున్నాను. బాగుంది అని టిక్కు పెడితే మేనేజరు ఆ సోమవారం సంగతేమిటని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. మెరుగుపడాలి అని పెట్టాను. మా టీములో ఫీడు నియమాలు మొదటినుంచి చివరిదాకా చదివిన ఒకే ఒక్క మనిషికి జాగ్రత్త తక్కువని నా చేత్తో నేనే సంతకం పెట్టాను.

ఒక శుక్రవారం ఆమెకి లెటరు ఇచ్చారు. ఆమె పసుపుపచ్చ తాడుని బ్యాడ్జీ చుట్టూ శుభ్రంగా చుట్టి, కింద సెక్యూరిటీకి ఇచ్చి వెళ్ళిందని తర్వాత విన్నాను. ఆ సమయానికి నేను కాఫీ వంకతో పై అంతస్తులో ఉన్నాను. ఎప్పట్లాగే మెట్లెక్కి పోయాను.

రెండేళ్ళు గడిచాయి. మర్చిపోయానని చెప్పను, అలాగని రోజూ కుమిలిపోయానని కూడా చెప్పను. వ్యాసర్పాడి బోర్డు ఉన్న బస్సు కనిపిస్తే చూపు తిప్పుకునేవాణ్ణి, అంతే.

ఈ మధ్య ఫీడు కంపెనీ వాళ్ళతో ఫోను మీటింగులో వాళ్ళ మనిషి ఒక మాట అన్నాడు. పొద్దున తొమ్మిదయ్యేసరికి అందరూ వేల సింబల్స్ ఒకేసారి మా మీద కుమ్మరిస్తారు, పద్ధతిగా అడిగేది మీరొక్కరే, అది రాసినవారు మిగతా ఆఫీసులవాళ్ళకి ఒక అరగంట చెప్తే బాగుంటుంది అన్నాడు. మా మేనేజరు చరిత్ర తెరిచి చూసి, నా పేరు చెప్పాడు. నేను కాదనలేదు.

ఆ అరగంటకి సిద్ధం కావాలి కదా, అప్పుడైనా నియమాలు చదవక తప్పలేదు. సొరుగు అడుగున అక్క ఇచ్చిన కట్ట అలాగే ఉంది. తీసి చదవడం మొదలుపెట్టాను. పదిహేడో పేజీ అడుగున చీమల్లాంటి అక్షరాల్లో ఉంది ఆ నియమం, విడతకీ విడతకీ మధ్య ఒక సెకను. దాని పక్కన పెన్సిల్తో ఆమె ఏదో రాసుకుంది. తమిళ అక్షరాలు. బస్సుల బోర్డులు చూసి నేర్చుకున్న తమిళంతో కూడబలుక్కుని చదివాను. అక్షరాలు తమిళమే గానీ మాట తెలుగు. ఇంట్లో తెలుగు మాట్లాడి బళ్ళో తమిళం చదివినవాళ్ళు అలాగే రాసుకుంటారు. ఆ రాసింది ఇదీ: ఈడ ఆగాల.

ఆ రెండు మాటలు రెండేళ్ళుగా నా మోకాళ్ళకి జానెడు దూరంలో, నా సొరుగులోనే ఉన్నాయి. సిగ్గుతో చచ్చిపోయాను. నా సిగ్గు ఆమెకేం పనికొస్తుంది?

శనివారం వ్యాసర్పాడి పోయాను. రైల్వే పట్టాల వైపు పోయే సందులో మేడ మీద రెండు గదులు. తలుపు తీసి నన్ను చూసి ఆమె ఒక్క క్షణం గుమ్మంలోనే నిలబడింది.

"రా తమ్ముడూ. ఎండలో వచ్చినావే" అంది. మంచినీళ్ళిచ్చింది. మాధవరంలో ఒక బడి ఆఫీసులో పిల్లల మార్కుల లిస్టులు టైపు చేస్తున్నానని చెప్పింది. ఏడాది పాటు ఎన్నో కంపెనీలకి రాసిందట, ఒక్కరు పిలవలేదట.

నేను ఇక ఆగలేకపోయాను. "అక్కా, ఆ రోజు మీటింగులో నేను చెప్పాల్సింది" అన్నాను.

"ఆమా" అంది. అంటే అవును అని. ఆ ఒక్క మాటే అంది.

"మీరైనా నా పేరు చెప్పాల్సింది కదా."

"యాడ చెప్పేది? నా ఫారం రాయాల్సింది నువ్వు. సాక్ష్యం ఏముండాది, నువ్వు నోటితో చెప్పిందే గదా. నేను చెప్పి నువ్వు లేదంటే?" ఆమె గొంతులో కోపం లేదు, ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది. "అదీగాక, నువ్వే చెప్తావనుకున్నా. సార్ అడిగినాక మనసులో ఒకటి, రెండు అని లెక్కేసుకుంటా ఆగినా తమ్ముడూ. ఏడు దాకా పోయినా. అంతలో నువ్వు లేసి ఏందో బొమ్మ గీయబట్టినావు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె ముందు ఏడవడానికి కూడా మొహం చెల్లక గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నాను. ఆమే అడిగింది.

"ఆ లైను మళ్ళా పెట్టినారా?"

"పెట్టామక్కా."

"సరి. పెట్టకుంటే దినమూ తెగిపోతాదే అనుకుంటా ఉంటి."

దాని పక్కన ఎవరి పేరుందో కూడా చెప్పాను. అందరి ముందూ నిజం చెప్తాను అన్నాను. "చెప్పు" అంది.

చెప్పాను. ఆ అరగంటలో, నా మొహం తెర మీద చూస్తున్న వేరే ఆఫీసులవాళ్ళందరికీ మొదట చెప్పింది అదే. ఈ లైను నాది కాదు, నియమాలు చదివి రాసిన ఒకావిడది. చదవకుండా చదివానని చెప్పి నేనే తీయించాను. తప్పు ఆమె మీద పడితే నోరు మూసుకున్నాను. ఆమె ఉద్యోగం పోయింది. ఆ తర్వాతే సింబల్స్ ఎలా అడగాలో చెప్పాను. లైను పక్కన కూడా ఆ సంగతి రాసి పెట్టాను.

మీటింగయ్యాక మేనేజరు నా భుజం తట్టాడు. ఇంత ధైర్యంగా ఒప్పుకునేవాళ్ళు తక్కువ, అందరికీ బాగా నచ్చింది అన్నాడు. ఫీడు కంపెనీ వాళ్ళు కూడా నా నిజాయితీని మెచ్చుకుంటూ మెయిలు పెట్టారు. ఆ మెయిలు సగంలోనే మూసేశాను. ఆమెని మళ్ళీ తీసుకుందామా అని మేనేజరుని అడిగాను. ఆయన నిజంగానే కనుక్కున్నాడు. ఒకసారి పర్మనెంటు చేయకుండా పంపినవాళ్ళని మళ్ళీ తీసుకోకూడదని రూలు. పైవాళ్ళు ఫారం తీసి చూశారట. జాగ్రత్త గడిలో నా టిక్కు ఉంది, కింద నా సంతకం ఉంది. ఇప్పుడు దాన్ని మార్చడం కుదరదన్నారు.

మర్నాడు మధ్యాహ్నం బడిలో భోజనం వేళ చూసుకుని అక్కకి ఫోను చేశాను. అందరికీ చెప్పేశానక్కా అన్నాను. ఎవరెవరున్నారో, ఏమేం చెప్పానో అంతా చెప్పాను. ఎప్పట్లాగే గబగబా చెప్పుకుపోయాను. ఆమె అంతా విన్నది.

"అయితే మళ్ళా పిలుస్తారా నన్ను?" అంది.

ఆ గొంతులో ఆశ ఉంది. వ్యాసర్పాడిలో ఆమె ఇంట్లో కూర్చున్నప్పుడు అది నాకు కనిపించలేదు. నేను చెప్తానన్నప్పుడు ఆమె 'చెప్పు' అన్నది దీనికోసమే. నా మనసు తేలికపడటానికి నేను పోయాను. ఆమె మాత్రం ఆ రోజు నుంచి నా ఫోను కోసం ఎదురుచూస్తూ ఉంది.

"లేదక్కా" అన్నాను.

ఫోన్లో బడి పిల్లల అరుపులు వినిపిస్తున్నాయి. ఏదో ఒకటి చెప్పాలని నా నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పలేదు. ఆమె ఫోను పెట్టేసేదాకా ఆగాను.